సింగారమ్మ మరిచిన ఊట

అనగనగా ఒక అడవిలో, చాలా పెద్ద తల ఉన్న ఒక ఏనుగమ్మ ఉండేది. పేరు సింగారమ్మ. ఆ తలలో అడవంతా ఉండేది. ఏ పండు ఎప్పుడు పండుతుందో, ఏ వాగు ఎప్పుడు ఎండుతుందో అన్నీ గుర్తే. నడివేసవిలో మడుగు ఎండిపోతే నీళ్లు దొరికే చోటు ఒక్కటే, కొండ వెనక ఇసుక కింది ఊట. ఆ దారి సింగారమ్మకు తప్ప మందలో ఎవరికీ తెలియదు.

అడవి అంచున బెల్లం వండే గానుగ ఉంది. ఒకరోజు బండి మీంచి బెల్లం అచ్చు జారిపడింది. సింగారమ్మ నోట్లో వేసుకుంది. చెవులు రెండూ వాటంతట అవే ఊగాయి!

"ఇంకొక్కటి," అనుకుంది. మర్నాడూ అదే మాట. గానుగవాళ్లు భయపడి రోజూ ఒక గంపెడు బయట పెట్టసాగారు. ఏడాది తిరిగేసరికి ఆమెకు ఆకులు చేదయ్యాయి, బెరడు చప్పనైంది.

మతిమరుపూ మొదలైంది. ముందు చెల్లెలు గంగులమ్మను "ఏం ఎలుగన్నా!" అని పలకరించింది. తర్వాత స్నానం చేసి, చేశానో లేదో తెలియక మళ్లీ చేసింది. చివరికి దారిన పోయే నక్కను ఆపి, "అల్లుడుగారూ, అమ్మాయి కులాసానా?" అంది.

నక్క తడుముకోలేదు. "కులాసానే అత్తగారూ. పాపం, మీరే చిక్కిపోయారు!"

మందంతా పడీపడీ నవ్వింది. ఇంతలో వేసవి వచ్చింది. మడుగు సగమైంది. నవ్వులు ఆగాయి.

"అక్కా, ఊట చూపించు," అంది గంగులమ్మ.

"దానికేం, పదండి!" సింగారమ్మ తోక ఊపుకుంటూ నడిచింది. మంద వెనకే వెళ్లింది. తీరా చూస్తే గానుగ! గానుగవాళ్లు చెట్టెక్కారు.

"అబ్బే, ఎడమకు తిరగాల్సింది." తిరిగారు. మళ్లీ గానుగే! దిగబోతున్నవాళ్లు మళ్లీ ఎక్కారు.

"నా కాళ్లది తప్పు. ఈసారి వెనక్కి నడుద్దాం!" మంద మొత్తం వెనక్కి నడిచింది. గంగులమ్మ తోకకు ఏదో చురుక్కుమంది. బెల్లం పొయ్యి! గానుగవాళ్లు ఇక దిగడమే మానేశారు.

సింగారమ్మ కూలబడింది. పిల్ల ఏనుగులు నాలుకలు చాపి ఆమెనే చూస్తున్నాయి.

"చెల్లీ, దారి నాకు గుర్తు రావడం లేదే," అంది.

"ఇవాళ్టి నుంచి బెల్లం బంద్. ఆకులూ, బెరడూ, రోజూ నాతో నడక," అంది గంగులమ్మ.

సింగారమ్మ అలిగింది. చెట్టు వెనక దాక్కుంది. ఏనుగు చెట్టు వెనక ఎంతని దాగుతుంది! గంగులమ్మ చెవి పట్టుకుని లాక్కొచ్చింది.

రోజులు గడిచాయి. మడుగులో తొండం తడిసేన్ని నీళ్లే మిగిలాయి. ఆ పొద్దు నడకలో సింగారమ్మ ఠక్కున ఆగింది.

"తాబేలులాంటి బండ! అమ్మమ్మ ఇక్కడే నా తొండం పట్టి తిప్పింది. నువ్వప్పటికి పుట్టలేదు. కుడికి పదండి, కుడికి!"

పరుగో పరుగు. ఇసుక తవ్వారు. ముందు తడి తగిలింది, ఆపైన చల్లని నీళ్లు ఉబికాయి. పిల్ల ఏనుగులు తాగినన్ని తాగి, మిగిలినవి ఒకదాని మీద ఒకటి చిమ్ముకున్నాయి.

దాహంతో నక్కా వచ్చింది.

"రండి అల్లుడుగారూ!" అంది సింగారమ్మ. పోయిన జ్ఞాపకాలన్నీ తిరిగి రాలేదు మరి.

"ఇంత దూరం వచ్చిన అల్లుడికి బెల్లం పాయసమైనా లేదా అత్తగారూ?"

"బెల్లమా? అదేమిటో గుర్తే రావడం లేదు బాబూ," అంది సింగారమ్మ, గంగులమ్మ వైపు కన్నుగీటుతూ. "నీళ్లు తాగండి."

నీతి: అదుపు లేకుండా రోజూ తినే తీపి నాలుకను మురిపిస్తూనే జ్ఞాపకాన్ని మెల్లగా మింగుతుంది. పోయినదంతా తిరిగి రాదు, అందుకే చెయ్యి ముందే ఆపుకోవాలి.