ముత్యం నెత్తిమీద ఒట్టు

ఒకప్పుడు కుక్కకు కూడా మనకులాగే ఒళ్ళంతా చెమట పట్టేది. ఎంత ఎండలో పరుగెత్తి వచ్చినా ఒక్కసారి ఒళ్ళు దులుపుకుని, నోరు మూసుకుని నీడన పడుకునేది. నాలుక బయటపెట్టడమంటే దానికి తెలియదు.

ఆ రోజుల్లో ఒట్టు కూడా ఉత్తమాట కాదు. ఎవరి నెత్తిమీద చెయ్యి పెట్టి అబద్ధం ఆడితే, వాళ్ళకి అక్కడికక్కడే కీడు తగిలేది. అందుకే ఎవరూ ఊరికే ఒట్టు పెట్టేవారు కాదు.

కొండ కింద ఒక ఊళ్ళో తవిటమ్మ ఉండేది. ఆమె ఒక కుక్కను పెంచుకుంది. దాని పేరు ముత్యం. తనకు చాలకపోయినా దానికి మాత్రం కడుపునిండా అంబలి పోసేది. కానీ అది పగలంతా ఎక్కడ తిరుగుతుందో, ఎవరి దొడ్లో దూరుతుందో ఒక్కనాడూ చూసేది కాదు. "కట్టెయ్యమ్మా" అని ఎవరైనా అంటే, "కట్టెయ్యడానికి అదేమైనా దొంగా?" అని గయ్యిమనేది.

పక్కిల్లు పారమ్మది. రెండిళ్ళకీ మధ్య తాటాకు దడి ఉంది. పారమ్మకున్న చుక్కలపెట్ట ఆ ఏడు గంపనిండా గుడ్లు పొదిగింది. పసుపు ముద్దల్లాంటి పిల్లలు దొడ్డంతా దొర్లుతూ తిరిగేవి.

కొన్నాళ్ళకి పిల్లలు ఒక్కొక్కటే మాయమవడం మొదలైంది.

పారమ్మ దడి దగ్గరికి వచ్చి పిలిచింది. "వదినా, కోపం తెచ్చుకోకు. నీ కుక్కని కాస్త కట్టుకో. దడి కింద కన్నం చూడు, దాని బొచ్చే అంటుకుని ఉంది."

"నా ముత్యమా!" తవిటమ్మ చేతిలో చేట కిందపడింది. "అంబలి తాగే నోరది. పచ్చిమాంసం వాసనే ఎరగదు. గద్ద తన్నుకుపోయి ఉంటుంది."

పైన ఎగురుతున్న గద్ద ఆ మాట విని సర్రున దడిమీద వాలింది. "ఏటమ్మా, తిన్నది ఒకరూ పేరు నాదీనా? గుడ్లమీద కూర్చుని కూర్చుని నా కాళ్ళు కొయ్యబారిపోయాయి. ఇప్పుడే రెక్క విదిలించుకుందామని లేచాను!"

"అయితే ముంగిస అయి ఉంటుంది" అంది తవిటమ్మ.

తుప్పలోంచి ముంగిస తల బయటపెట్టింది. "నేనా? పాముతో దెబ్బలాడి మూతి ఇంత లావున వాచింది. ఈ మూతితో కోడిపిల్లని ఎలా తింటాను? నువ్వే చెప్పు!"

తవిటమ్మ మొహం తిప్పుకుని ఇంట్లోకి పోయింది. వెనకే ముత్యం వచ్చి తోక ఆడిస్తూ నిలబడింది. దాని మూతికి పసుపు రంగు నూగు అంటుకుని ఉంది. తవిటమ్మ ఒక్క క్షణం ఆగింది. 'గడ్డిలో దొర్లి ఉంటుంది' అనుకుని కొంగుతో తుడిచేసింది. కళ్ళెదుట ఉన్నది కూడా చూడనని పట్టుబట్టిన మనిషికి ఎవరు మాత్రం ఏం చూపించగలరు?

చివరికి చుక్కలపెట్టకి ఒక్క పిల్ల మిగిలింది. పెట్ట దాన్ని విడిచి గడప కూడా దాటేది కాదు. ఒక మధ్యాహ్నం పారమ్మ నూకలు చల్లితే గింజ కోసం ఇటు తిరిగింది. అటు తిరిగేసరికి పిల్ల లేదు.

పెట్ట గోల గోలగా అరుస్తూ దడి ఎగిరి తవిటమ్మ వాకిట్లో పడింది. చేతిలో చేటతోనే పారమ్మ పరుగెత్తుకొచ్చింది.

వాకిట్లో ముత్యం కూర్చుని ఉంది. నోరు బిగించి, బుద్ధిమంతురాలిలా.

"వదినా, దాన్ని నోరు తెరవమను" అంది పారమ్మ.

"నా వాకిట్లోకొచ్చి నా బిడ్డ నోరు తెరిపిస్తావా? ఎంత ధైర్యం నీకు!"

"తెరిస్తే పోయేదేముంది? లోపలేమీ లేకపోతే నాకే సిగ్గు. నీ కాళ్ళు పట్టుకుని పోతాను."

"అమ్మా, నా పిల్ల పిలుస్తోంది. నాకు వినిపిస్తోంది!" అని పెట్ట రెక్కలు కొట్టుకుంది.

తవిటమ్మకీ సన్నగా కీచుమని ఏదో వినిపించింది. వినపడనట్టు ఊరుకుంది. ఇన్నాళ్ళూ అన్న మాట ఇప్పుడెలా వెనక్కి తీసుకుంటుంది? గబుక్కున ముత్యం నెత్తిమీద చెయ్యి పెట్టి పైకి చూసింది.

"సూర్యనారాయణా, నువ్వే సాక్షి! నా ముత్యం వీళ్ళ పిల్లని ముట్టలేదు. దీని నెత్తిమీద ఒట్టు!"

పారమ్మ చేతిలో చేట జారిపోయింది. "వద్దు వదినా! దాని నెత్తిమీద వద్దు!" అని అరిచింది. అప్పటికే మాట నోరు దాటిపోయింది.

సూర్యుడు నడినెత్తిన ఆగిపోయాడు. ఆకు కదల్లేదు. తవిటమ్మ చేతికింద ముత్యం తల కాలిన పెనంలా అయింది. దాని ఒంటిమీద చెమట చూస్తుండగానే ఆవిరైపోయింది. ముత్యం గుడ్లు తేలేసింది, వణికింది, ఇక ఓర్చుకోలేక నోరు తెరిచింది. అంత పొడవు నాలుక బయటికి జారింది. నాలుకమీంచి తడిసి ముద్దయిన కోడిపిల్ల మట్టిలో పడింది.

తవిటమ్మ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"ముత్యం... నువ్వా?" అంది.

ముత్యం రొప్పుతూ అంది: "అమ్మా, ఆరోజు నా మూతి నువ్వే తుడిచావు కదా! నీకు తెలుసనుకున్నాను. నీకు ఇష్టమేననుకున్నాను."

ఆ మాటకి తవిటమ్మ తన కొంగువంక చూసుకుంది.

పెట్ట పరుగున వచ్చి పిల్లని రెక్క కింద పొదువుకుంది. కాసేపటికి రెక్క కిందనుంచి కీచుమని చిన్న పలుకు వచ్చింది.

"స్వామీ!" తవిటమ్మ రెండు చేతులూ పైకెత్తింది. "అబద్ధం ఆడింది నేను. కాల్చేదేదో నన్ను కాల్చు. దాన్ని విడిచిపెట్టు!"

"చెయ్యి నీ నెత్తిన పెట్టుకున్నావా? దాని నెత్తిన పెట్టావు" అన్నాడు సూర్యుడు. "పెట్టిన ఒట్టు నేను తియ్యలేను. ఇక దాని ఒంటికీ దాని జాతి ఒంటికీ చెమట పట్టదు. కానీ నోరు తెరిచి నిజం బయటపెట్టింది కనుక ఆ ఒక్క దారీ ఉంచుతున్నాను. దాని వేడి నాలుకమీదుగా పోతుంది. నోరు మూసుకుని కూర్చుంటే మాత్రం ఉడికిపోతుంది."

సూర్యుడు పడమటికి కదిలాడు. తవిటమ్మ ముత్యాన్ని తాడుతో గుంజకి కట్టింది. పారమ్మ ఇంటికి పోయి ముంతతో నీళ్ళు తెచ్చి కుక్క ముందు పెట్టింది. తిట్టినా తవిటమ్మకి అంత సిగ్గు వేసేది కాదు.

అప్పటినుంచే కుక్క ఒళ్ళు మనలా చెమర్చదు. కాస్త ఎండ తగిలినా, కాస్త పరుగెత్తినా నోరు బార్లా తెరిచి, నాలుక చాపి రొప్పుతుంది. రొప్పుతూ రొప్పుతూ తిన్నగా పెంచినవాళ్ళ మొహంలోకే చూస్తుంది. తన నోట్లో ఏముందో అందరికన్నా ముందు చూడవలసింది ఎవరో దానికి ఆరోజే తెలిసింది.