కొమ్రవ్వ గొంగడి

తమ ఉన్ని ఎవరు కప్పుకుంటున్నారో గొర్రెలు అడగని కాలంలో ఒక దొర ఉండేవాడు. అతనికి గుర్రాలంటే ప్రాణం. వాటికి చలి తగలకుండా గొంగళ్ళు నేయించేవాడు. నేసే కొట్టానికి మాత్రం నాలుగు గుంజలు, పైన కప్పు. గోడ లేదు, తడిక లేదు. చలికాలం ఉత్తరపు గాలికి నేతగాళ్ళ వేళ్ళు కొయ్యబారిపోయేవి. వాళ్ళు మనుషులు కాదా మరి?

అక్కడ కొమ్రవ్వ అని ఒక ముసలామె. ఉన్నిపోగులకు పట్టించే చింతగింజల గంజి కాచడం ఆమె పని. కొట్టం బయట పొయ్యి, ఆ పొయ్యి పక్కనే ఆమె పడక.

ఒకరోజు పొద్దున్నే, బీరయ్య అనే నేతగాడి వేళ్ళు బిగుసుకుపోయి విచ్చుకోలేదు. కొమ్రవ్వ ఆ చేతుల్ని వేడి గంజికుండకు ఆనించి, నేరుగా దొర దగ్గరికి వెళ్ళింది.

"దొరా, కొట్టంల ఒక కుంపటి పెట్టియ్యి."

"గొంగళ్ళు నేసేటోళ్ళకు చలేందే?" అన్నాడు దొర. "నిప్పురవ్వ పడితే ఉన్ని కాలదా?"

రాళ్ళకు నిప్పురవ్వలుండవు కదా! కొమ్రవ్వ తన పొయ్యిలో రాళ్ళు కాల్చి, మగ్గం గుంటల్లో నేతగాళ్ళ కాళ్ళ దగ్గర పెట్టింది. కాళ్ళు వెచ్చబడ్డాయి. కానీ గాలి ఆగలేదు. మళ్ళీ వెళ్ళింది.

"దొరా, ఉత్తరం దిక్కు ఒక తడిక కట్టియ్యి."

"గొంగళ్ళు నేసేటోళ్ళకు చలేందే? వెచ్చగుంటే కునుకు తీస్తరు."

మూడోసారి వెళ్ళింది.

"నేసినయాట్ల ఒక్క గొంగడియ్యి దొరా, అడ్డం కట్టుకుంటం."

"గొంగళ్ళు నేసేటోళ్ళకు చలేందే? అవి నా గుర్రాలయి!"

ఆ మాటన్న నోరు పడిపోకుండా ఎట్లా ఉందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కొమ్రవ్వ ఇక అడగలేదు. తన భుజాల మీది పాత గొంగడి తీసి, ఉత్తరం గుంజలకు కట్టింది.

"అవ్వా, మరి నీకు?" అన్నాడు బీరయ్య.

"నాకు పొయ్యున్నది గద బిడ్డా."

అందరూ నమ్మారు. కానీ దొర ఇచ్చే కట్టెలు గంజికే చాలీచాలనివి. రాళ్ళు కాల్చాక రాత్రికి ఆమెకు పుల్ల కూడా మిగిలేది కాదు. ఒకరోజు తెల్లవారి నేతగాళ్ళు వచ్చి చూస్తే పొయ్యి చల్లబడి ఉంది. ఆమె కూడా చల్లబడి ఉంది.

దొరకు కబురందింది. అప్పుడు పంపాడండీ, శవం మీద కప్పమని కొత్త గొంగడి! బీరయ్య దాన్ని తీసుకెళ్ళి దొర కాళ్ళ ముందు పెట్టాడు.

"సచ్చినోళ్ళకు చలేంది దొరా?"

నేతగాళ్ళు గుంజలకున్న పాత గొంగడి విప్పి అవ్వకే కప్పి సాగనంపారు. గోడ లేచేదాకా ఒక్కరూ మగ్గం గుంటలో దిగలేదు. ఆ ఏడు దొర గుర్రాలు వణికాయి. పాపం, వాటి తప్పేముంది!

ఇప్పటికీ ఆ వైపు చలికాలంలో నేసిన మొదటి గొంగడి అమ్మరు. కొట్టానికి ఉత్తరం దిక్కున కడతారు. ఎంత పెద్దవాడొచ్చి బేరమాడినా తల కూడా ఎత్తరు.

"అది కొమ్రవ్వది" అని నేసుకుంటూ ఉంటారు.