కష్టం అడిగిన ఫోను

చింతగెడ్డ గవరయ్య ఇంట్లో ముగ్గురే. ఆయన, భార్య నూకాలమ్మ, కొడుకు దాలినాయుడు. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడమే తెలివని వాళ్ళ నమ్మకం. ఆ లెక్కన తమంత తెలివైనవాళ్ళు ఊళ్ళోనే లేరని గర్వం.

దాలినాయుడికి సిమెంటు గోడౌనులో ఉద్యోగం రావాలి. వస్తేనే కూతుర్నిస్తానని మేనమామ బంగారయ్య తేల్చి చెప్పాడు. అయితే ఇప్పుడు ఇంటర్వ్యూ మనుషులు చెయ్యరట. ఫోనులోంచి మిషనే అడుగుతుంది, మిషనే మార్కులు వేస్తుంది.

"గదిలో మీరు తప్ప ఎవరూ ఉండరాదు" అంది మిషను. అంతే, దేవుడి పటాలతో సహా అందరూ పెరట్లోకి వెళ్ళిపోయారు. "ముఖం మీద వెలుతురు పడాలి" అంది. ఇంకేముంది, గవరయ్య కప్పెక్కి పెంకులు పీకేశాడు. "తెర ముందునుంచి కదలరాదు" అంది. దాలినాయుడు కొయ్యలా బిగుసుకుపోయాడు.

"మీకు ఎదురైన ఒక కష్టం చెప్పండి. నిజమే చెప్పాలి."

"నాన్నా, నాకేం కష్టాలున్నాయి?" అన్నాడు దాలినాయుడు.

"నేనుండగా నీకు కష్టమెలా వస్తుందిరా" అన్నాడు గవరయ్య కప్పు మీంచి. "ఉండు, తెస్తాను." దిగి వెళ్ళి, గదిలోకి వినబడేలా దభీమని పెరటి బావిలో దూకాడు. పీకలోతు నీళ్ళు.

"మా నాన్న బావిలో పడ్డాడండి" అన్నాడు దాలినాయుడు సంతోషంగా.

"అప్పుడు మీరేం చేశారు?"

"కదలలేదండి."

"ఇంకా మునగలేదని కూడా చెప్పరా, నిజమే చెప్పాలి" అని బావిలోంచి కేకేశాడు గవరయ్య.

మిషను మార్కులు వేసింది. "ఒత్తిడిలోనూ చెదరని మనిషి. రెండో దశకి ఎంపికయ్యారు." తండ్రి నీళ్ళలో ఉంటే కదలనివాడికి మెచ్చుకోలు. ఎదుటివాడి ముఖం చూసి పని ఇచ్చే ఓపిక మనుషులకి పోయాక ఇలాంటి మెచ్చుకోళ్ళే దొరుకుతాయి.

"ఇక కదలవచ్చు. పది నిమిషాల తరవాత, జట్టుగా పడిన కష్టం చెప్పండి" అంది మిషను.

ఇంకేముంది, నూకాలమ్మ కొంగు దోపుకుంది. దాలినాయుడు ఫోను నెత్తిన పెట్టుకున్నాడు. ఇద్దరూ బావిలో దూకారు.

సంగతి కనుక్కుందామని బంగారయ్య అప్పుడే వచ్చాడు. బావిలోకి తొంగిచూసి, "ఏమ్మా నూకాలూ, అల్లుడి ఉద్యోగం ఏమైంది?" అన్నాడు.

"వచ్చినట్టే అన్నయ్యా. జట్టుగా కష్టపడుతున్నాం."

బంగారయ్య పరుగున వెళ్ళి తాడు తెచ్చాడు.

"ఇప్పుడే తియ్యకు మామయ్యా" అన్నాడు దాలినాయుడు. "కష్టం చాలకపోతే మార్కులు పోతాయి. అసలే ముగ్గురం పంచుకోవాలి."

బంగారయ్య నూకాలమ్మకి సొంత అన్న. తెలివి ఎక్కడికి పోతుంది?

"పిల్లనిచ్చేవాణ్ణి, నేను లేని జట్టేమిటయ్యా" అంటూ, చేతిలో తాడుతో సహా ఆయనా దూకేశాడు.