అమావాస్య గడువు

ఆ రాజ్యం పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్లు ఇప్పటికీ నొచ్చుకుంటారు. ఒకానొక రాజ్యం అనుకుందాం. దాన్ని గజకేసరి అనే మహారాజు ఏలేవాడనుకుందాం.

గజకేసరి చెడ్డవాడు కాదు. కాకపోతే తాను మంచివాడినన్న మాట రోజుకొకసారి ఎవరి నోటినుంచైనా వినకపోతే ఆయనకు అన్నం సహించేది కాదు. రాజుల జబ్బులు రాజులవి, మనకెందుకు!

ఆయన రాజధానిలో సొంత గూడు లేని కుటుంబాలు చాలా ఉండేవి. కొత్తగా కాపురం పెట్టినవాళ్లు ఒకరి పంచలోనో, ఇంకొకరి వసారాలోనో తల దాచుకునేవాళ్లు. అది చూసి రాజు ఊరికి తూర్పున ఒక వాడ కట్టించాడు. పెంకుటిళ్లు, ముందు అరుగు, వెనక దొడ్డి. చేతిలో ఉన్నంత బయానాగా ఇచ్చి ఇంట్లో దిగవచ్చు. మిగతాది నెలనెలా వాయిదాల్లో బొక్కసానికి కట్టాలి. బాకీ తీరేదాకా ఇల్లు బొక్కసానికి తాకట్టులో ఉంటుంది.

వాడ మొదట్లో 'గృహదాత గజకేసరి' అని రాయి మీద చెక్కించారు. ఇచ్చింది అప్పు, చెక్కించుకున్నది దానం.

తాకట్టు పత్రాన్ని రాజు నిండు సభలో తానే చెప్పి రాయించాడు. అందులో మొదట పొగడ్తలు ఉన్నాయి, చివర పొగడ్తలు ఉన్నాయి. నడుమ అసలు సంగతి ఉంది: "ప్రతి నెలాఖరు నాటి పొద్దు గుంకేలోగా, కొన్నవాడు స్వయంగా వచ్చి అమ్మినవారి గడప దగ్గర వాయిదా చెల్లించాలి. ఒక్కటి తప్పినా ఇల్లు అమ్మినవారి పరం. అంతవరకు కట్టినదంతా అద్దె కింద పోతుంది."

రాస్తున్నప్పుడు బొక్కసం అధికారి బొప్పన పెదవి విప్పలేదు. ఎందుకు విప్పలేదో ముందు ముందు తెలుస్తుంది.

ఆ సభలో పేరిందేవి అనే పెద్దావిడ ఉండేది. రాజుకు చిన్నప్పుడు కథలు చెప్పిన మనిషి. పెద్దయ్యాక ఆయనకు నిజాలు చెప్పే పని కూడా ఆమె మీదే పడింది. రాజు మొదలు బంటు దాకా అందరూ ఆమెను అవ్వా అనే పిలిచేవాళ్లు.

ఒకనాడు కంచు, ఇత్తడి సామాను చేసే మారన అనే కంచరి, అతని భార్య పోలమ అవ్వ దగ్గరకు వచ్చారు. పోలమ మేనమామ ఇంటి పంచలో వాళ్ల కాపురం. అక్కడ కొలిమి వెలిగిస్తే పొగ అని తిట్లు, సుత్తి ఎత్తితే చప్పుడని తిట్లు.

"అవ్వా, కొత్త వాడలో ఇల్లు తీసుకుందామనుకుంటున్నాం. మాకిది మొదటిసారి. ఏం చూసుకోవాలో చెప్పు," అన్నాడు మారన.

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు నాయనా. కొనడమూ అంతే. ఎండలో ప్రతి ఇల్లూ బాగుంటుంది, నువ్వు వాన పడేటప్పుడు వెళ్లి చూడు. పక్కింటివాళ్లను బావి ఎండాకాలంలో ఏమవుతుందో అడుగు. ఉన్నదంతా బయానాకే పోసెయ్యకు, ఒక పెంకు పగిలినా చేతిలో కాసు ఉండాలి. మంచి నెలలో సంపాదించేది చూసి వాయిదా ఒప్పుకోకు. గిరాకీ లేని నెలలో ఎంత మిగులుతుందో అంతే ఒప్పుకో."

వాళ్లు అన్నీ చెప్పినట్టే చేశారు. వానలో తడుస్తూ పైకప్పు చూశారు. పోలమ తన కడియాల జోడు అమ్మి బయానా కట్టింది. చెవుల దుద్దులు మాత్రం దాచుకుంది. మారన దొడ్డిలో కొలిమి పెట్టాడు. పొగకూ చప్పుడుకూ అడిగేవాళ్లు లేరు. మొదటి రోజు పొద్దస్తమానం ఊరికే సుత్తి మోగించాడట, పోలమ నవ్వి నవ్వి అలిసిపోయిందట.

వాయిదా అంటే మారనకు భయం. అందుకని ప్రతినెలా గడువుకు ముందే పోయి కట్టేసేవాడు. ఒక నెల మాత్రం గుడిగంటలు చేయించుకున్న వర్తకుడు డబ్బు ఆలస్యం చేసి, సరిగ్గా నెలాఖరు నాడు పొద్దున చేతిలో పెట్టాడు. మారన ఆ మూటతోనే బొక్కసానికి పరుగెత్తాడు.

తలుపు మూసి ఉంది.

"ఇవాళ అమావాస్య. అమావాస్య నాడు బొక్కసం తెరవరు. తాతల నాటి ఆచారం. రేపు రా," అన్నాడు కాపలావాడు.

నెలాఖరు అంటే అమావాస్యే కదా! అది మనకు తెలుసు, మారనకూ తెలుసు. అమావాస్య నాడు బొక్కసం మూస్తారని మాత్రం అతనికి తెలియదు. కంచరివాడికి అంతకుముందు బొక్కసంతో పనేముంది?

పొద్దు గుంకేదాకా ఆ మూట పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. మర్నాడు తలుపు తెరిచారు. బొప్పన పత్రం తీసి, "గడువు నిన్నటితో తీరిపోయింది," అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, అదిగో అలా. మధ్యాహ్నానికల్లా ఇంటికి బొక్కసం తాళం పడింది. దొడ్డిలో కొలిమి ఇంకా వెచ్చగానే ఉంది.

ఆ వాడలో అలా పోయిన ఇల్లు అదొక్కటే కాదు. వచ్చిన ప్రతి ఇంటినీ బొప్పన మళ్లీ కొత్త బయానాకు అమ్మేవాడు. బొక్కసం నిండుతోందని రాజు మెచ్చుకునేవాడు.

అవ్వకు ఆ సాయంత్రమే తెలిసింది. ఆమె వెళ్లేసరికి కుమ్మరివీధి చివర ఒక ఖాళీ పూరిపాకలో మారన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పోలమ ఏడవడం లేదు. దుద్దులు విప్పి ఒడిలో పెట్టుకుని, "ఇవి అమ్మితే ఇల్లు వస్తుందా అవ్వా?" అని అడిగింది.

అవ్వ ఆమె పక్కన కూర్చుంది. "ఇంటి గురించి అన్నీ చెప్పాను తల్లీ. పత్రం సంగతి చెప్పలేదు. వానలో కప్పు చూడమన్నాను గాని, పత్రం చదివించుకుని ప్రతి మాటా అడగమనలేదు. దుద్దులు పెట్టుకో," అంది.

మర్నాడు సభలో ఆమె లేచి నిలబడింది.

"ప్రభూ, కంచరి మారన ఇల్లు బొక్కసం పట్టుకుంది. కారణం మనవి చేస్తాను."

"కారణాలు అందరికీ ఉంటాయి అవ్వా," అన్నాడు రాజు చెయ్యెత్తి. "పత్రం నేను రాయించాను. నెలాఖరుకు వచ్చి, చేతిలో డబ్బు గడప దగ్గర పెట్టడం ఎంత సులువు! అంత సులువైన షరతు నిలుపుకోలేనివాడు ఇంటికి తగడు."

సభ చప్పట్లు కొట్టింది. అందరికన్నా గట్టిగా కొట్టినవాడు బొప్పన.

అప్పుడు అవ్వ, "ప్రభువులు చాలాకాలంగా నా ఇల్లు అడుగుతున్నారు," అంది.

నిజమే. అవ్వ ఇల్లు చెరువుగట్టు మీద ఎత్తుగా ఉండేది. అక్కడ పాలరాతి మండపం కట్టించుకోవాలని రాజుకు ఎప్పటినుంచో కోరిక. అవ్వ ఇవ్వనని చెబుతూనే వచ్చింది.

"ఇప్పుడు అమ్ముతాను. నాకు బయానా చాలు, మిగతాది నెలనెలా వాయిదాల్లో ఇవ్వండి. పత్రం మాత్రం తమరు రాయించినదే. అక్షరం మారకూడదు, పేర్లే మారాలి."

రాజు నవ్వాడు. "నా పత్రానికి నేనే భయపడతాననుకున్నావా? తీసుకురా!"

అప్పటికప్పుడే ముద్ర పడింది. అవ్వ తన సామాను మూట కట్టుకుని వెళ్లి మారన పాకలోనే ఒక మూల దిగింది. గట్టు మీద మండపానికి పాలరాళ్లు దిగాయి.

నెల గడిచే కొద్దీ బొప్పనకు కంగారు పుట్టింది. "ప్రభూ, వాయిదా ముందే కట్టేద్దాం," అన్నాడు.

"గడువు నెలాఖరైతే ముందెందుకు? రాజు భయపడి కట్టాడంటారు. నెలాఖరు నాడే, ఊరంతా చూస్తుండగా, నేనే వెళ్లి కడతాను. షరతు నిలుపుకోవడమంటే ఏమిటో ఆ కంచరివాడు కూడా చూస్తాడు."

బొప్పన ముందురోజే వరహాలు తీసి పళ్లెంలో పేర్పించి పెట్టాడు. ముందురోజే ఎందుకు తీశావని రాజు అడగలేదు.

అమావాస్య నాడు ఏనుగు మీద రాజు, వెనక మేళం, బంగారు పళ్లెంలో వరహాలు. అంత ఊరేగింపూ వచ్చి కుమ్మరివీధి చివర పూరిపాక ముందు ఆగింది. సందు ఇరుకు కావడంతో రాజు దిగి నడవాల్సి వచ్చింది. బురదలో చెప్పు ఇరుక్కుంది.

పాక తలుపు మూసి ఉంది.

బంటు తట్టాడు. తలుపు ఓరగా తీసి పోలమ బయటికి చూసింది. ఎదుట మహారాజే నిలబడి ఉన్నాడు. కానీ పోలమ అవ్వ నేర్పిన మాట మరిచిపోలేదు.

"ఇవాళ అమావాస్య ప్రభూ. అమావాస్య నాడు అవ్వ డబ్బు పుచ్చుకోదు. రేపు రమ్మంది." తలుపు మూసుకుంది.

రాజు ముఖం కందగడ్డయింది. "అవ్వా! గడువు ఇవాళే. డబ్బు నా చేతిలో ఉంది. నేను నీ గడప దగ్గర ఉన్నాను. తలుపు నువ్వు మూసుకుని, తప్పు నాదంటే ఎలా?"

లోపలినుంచి అవ్వ గొంతు వినిపించింది. అందులో వెటకారం లేదు.

"ఈ మాటే మారన కూడా పోయిన అమావాస్య నాడు మూసి ఉన్న బొక్కసం ముందు అన్నాడు ప్రభూ. పొద్దు గుంకేదాకా అన్నాడట. వినేవాళ్లు లేకపోయారు."

మేళం ఆగిపోయింది. రాజు పక్కకు తిరిగి చూశాడు. పాక ముందు రెండు రాళ్ల మధ్య కొలిమి పెట్టుకుని, గాలికి నిప్పురవ్వలు కప్పు మీద పడకుండా తడిగోనె అడ్డం పెట్టి, మారన చిల్లు పడిన చెంబుకు మాటు వేస్తున్నాడు. అతను లేచి దండం పెట్టాడు.

"బొప్పనా, నిన్న వరహాలు ఎందుకు తీసి పెట్టావు?" అన్నాడు రాజు మెల్లగా.

బొప్పన తల వంచుకున్నాడు.

"అంటే నీకు మొదటినుంచీ తెలుసు."

"పత్రం తమరే చెప్పారు ప్రభూ..."

"అవును," అన్నాడు రాజు. "నేనే చెప్పాను."

ఆయన వెనక్కి వెళ్లిపోవచ్చు. తలుపు బద్దలు కొట్టించవచ్చు. పత్రం చింపేసినా అడిగే నాథుడు లేడు. కానీ ఆయన ఆ పళ్లెం తానే పట్టుకుని, ఆ గడప పక్కనే, పొద్దు గుంకేదాకా నిలబడ్డాడు. ఎండకు కిరీటం వేడెక్కితే తీసి చంకన పెట్టుకున్నాడు. పోలమ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది, తాగాడు. ఆ రాజు గురించి నేను ఎన్ని ఎగతాళి మాటలైనా అంటాను గాని, ఆ పూట మాత్రం ఆయనకు దండం పెడతాను.

మర్నాడు సభలో అవ్వ పత్రం తెరిచి చూపించింది. "వాయిదా తప్పింది ప్రభూ. ఇల్లు నాది. పాలరాళ్లతో సహా."

"అంత సులువైన షరతు నిలుపుకోలేకపోయాను. నేను ఇంటికి తగను," అన్నాడు రాజు. అని, నవ్వాడు. పొగిడించుకుని నవ్వే నవ్వు కాదది. "అవ్వా, చిన్నప్పుడు నీ కథల్లో ఓడిపోయేది ఎప్పుడూ పులి. ఈసారి నన్ను పెట్టావు. ఏం కావాలో కోరుకో."

"నా ఇల్లు నాకు వచ్చింది. వాళ్ల ఇళ్లు వాళ్లకు ఇప్పించండి. ఆ ఇళ్లలో కొత్తగా దిగినవాళ్లకు వేరే ఇళ్లు చూపించండి. పాలరాళ్లు కొత్త వాడలో బావుల గట్లకు వాడండి. ఇక మీదట ఎవరు ఇల్లు కొన్నా, పాలు పొంగించే ముందు ఆ గడప దగ్గరే పత్రం చదివి వినిపించాలి. వాళ్లు అడిగిందానికల్లా జవాబు చెప్పాకే లోపలికి అడుగు పెట్టాలి."

రాజు ఒప్పుకున్నాడు. బొప్పనను బొక్కసం నుంచి తీసేసి, ఇళ్లు పోయినవాళ్లందరి సామాను తిరిగి చేర్చే పని పెట్టాడు. బళ్లు తోలుతూ నానా అగచాట్లు పడ్డాడు పాపం.

మారన ఇంటి తాళం తీసిన రోజున కొత్త పత్రం చదవడానికి రాజే వచ్చాడు. అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాడు. పొగడ్తలు తీసేశారు కాబట్టి పత్రం పొట్టిగా ఉంది. లోపల పొయ్యి మీద పాలగిన్నె పెట్టి ఉంది. జనం ఎప్పుడవుతుందా అని చూస్తున్నారు.

"అడగవలసినవి ఉన్నాయా?" అన్నాడు రాజు చివర. ఎవరూ ఏమీ అనరనుకుని లేవబోయాడు.

"ఒకటి ఉంది ప్రభూ," అంది పోలమ. చెవుల దుద్దులు ఊగుతున్నాయి. "నెలాఖరు లోపల అన్నారు. ఆ లోపల నేను వచ్చిన రోజున తలుపు తెరిచి ఉంటుందా?"

మారన గాభరాగా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అవ్వ మాత్రం కదలలేదు.

రాజు ఆమెను చూసి ఈసారి మనసారా నవ్వాడు. వేలి ఉంగరం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నేను పత్రం రాయించిన రోజున సభలో అంతమంది పండితులున్నారమ్మా. ఈ ముక్క ఒక్కడూ అడగలేదు," అన్నాడు. అక్కడికక్కడే గంటం తెప్పించి, 'మూసి ఉన్న రోజు గడువులోకి రాదు' అని తన చేత్తోనే రాశాడు.

అప్పుడు పోలమ లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది.