మూత తియ్యండి బాబూ

కొండ కింద ఊళ్లో జగ్గారావంటే అందరికీ హడలే. ఆయన పికప్ బండి నడిపే పైడయ్య ఆ పొద్దున ధైర్యం చేసి నోరు విప్పాడు.

"బాబూ, రేడియేటర్ పోయింది. కూలీల్ని ఎక్కించుకుని వచ్చేసరికే బండి కాగిపోయింది. కొత్తది వేయిస్తే తొమ్మిది వేలవుతుందని మెకానిక్ చెప్పాడు."

జగ్గారావు కళ్లెర్రజేశాడు. "నువ్వూ వాడూ కలిసి నా సొమ్ము పంచుకుందామనా? బండి చల్లగానే ఉంది. నోరు మూసుకుని కొండెక్కు. లేదంటే దొంగతనం కేసు పెట్టి లోపలేయిస్తాను."

బండిలో కొండ మీద పనికెళ్లే ఇరవైమంది ఆడకూలీలున్నారు. దారి పొడుగునా లోయ. ఎత్తులో ఇంజను పట్టేసి ఆగిపోతే బండి వెనక్కి జారుతుంది. ఎక్కితే చావు, ఎక్కకపోతే జైలు.

మెల్లగా బానెట్ ఎత్తాడు. "మీ మాటే నిజం బాబూ. బండి చల్లగానే ఉందని మీ చేత్తో ఈ రేడియేటర్ మూత తీసి చూపించండి. వెంటనే కొండెక్కేస్తాను."

కూలీలంతా జగ్గారావు వంకే చూశారు. ఆయన విసురుగా చెయ్యి చాచాడు. మూత అంచున ఆవిరి బుస్సుమంది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

పైడయ్య చేతులు జోడించాడు. "దీన్ని నమ్మి మీరు ఒక్క చెయ్యి పెట్టలేకపోయారు. ఇరవై ప్రాణాలు నన్నెలా పెట్టమంటారు బాబూ?"

జగ్గారావు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తొమ్మిది వేలూ తీసి పైడయ్య చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. కూలీలు ఒక్కొక్కరే దిగారు. పైడయ్య మాత్రం బండి చక్రానికి ఆనుకుని కూలబడిపోయాడు.