భూషయ్య మోదుగాకు వాటాలు

అనగనగా ఎర్రకొండ వెనక ఒక అడవి. అక్కడ భూషయ్య అనే నక్క చింతపండు వ్యాపారం చేసేది. పోలమ్మ అనే ఉడత, దాని చెల్లెళ్లు కూర్చుని గింజలు తీసేవి. రోజంతా కష్టపడితే ఒక గంప పండు. కూలి తలా గుప్పెడు పల్లీలు.

ఒకనాడు పోలమ్మకు ఒక కిటుకు తట్టింది. కాయల్ని కళ్లంలో ఎండకు పరిచి, వేడి మీదే నిలువునా చీల్చింది. గింజలన్నీ ఒక్కసారే రాలాయి. సాయంత్రానికి మూడు గంపలు!

సంతోషంతో భూషయ్య తోక నిలవలేదు. 'కూలి పెంచాలా? ధర తగ్గించాలా? నాకేం పిచ్చా!' అనుకుంది. పండు అమ్మగా వచ్చిన పల్లీలన్నీ తన బొరియలోకే చేరవేసింది.

మొదట పోలమ్మ వచ్చింది. "అయ్యా, పని మూడింతలైంది. కూలి రెండు గుప్పెళ్లు చెయ్యండి."

"కళ్లం నాది, ఎండ దేవుడిది. నీదేముందే ఇందులో? పో, పని చూసుకో!"

తర్వాత కోతి గంగులు వచ్చింది. "మామా, పండు గుట్టలుగా పడుంది. కాస్త ధర తగ్గించు. పిల్లలు పులుసు కోసం ఏడుస్తున్నారు."

"పులుసు మానెయ్ అల్లుడూ. పళ్లు పులుస్తాయి."

చివరకు మేక మంగతాయారు వచ్చింది. అప్పటికే భూషయ్య వ్యాపారాన్ని వంద వాటాలు చేసి, మోదుగాకుల మీద గోటిముద్ర వేసి అమ్ముతోంది. నిన్న ఆకు పది పల్లీలు. ఇవాళ ముప్ఫై.

"అన్నయ్యా, ఈ లాభం ఎప్పటికీ ఇలాగే ఉంటుందా?"

"ఇంకా పెరుగుతుందమ్మా!"

మేక చలికాలానికి దాచుకున్న పల్లీలన్నీ పోసి ఆకులు కొంది.

కానీ కిటుకు ఉన్నది కళ్లంలో కాదు, పోలమ్మ చేతుల్లో. పైగా ఒక ఉడత కొత్త పని నేర్చుకుంటే మధ్యాహ్నం కొమ్మ మీద అందరికీ నేర్పాలి. అది ఉడతల ఆచారం. అలా ఆ పని వాగు అవతలి ఉడతలకూ వచ్చేసింది. అక్కడి ఎలుగుబంటి రెండు గుప్పెళ్ల కూలి ఇచ్చి, సగం ధరకే పండు అమ్మింది. పోలమ్మ చెల్లెళ్లతో సహా వాగు దాటింది. కోతులూ అటే దూకాయి.

భూషయ్య చింతపండు గుట్ట మీద ఈగలు తప్ప ఎవరూ వాలలేదు. ఆకు ఒక్క పల్లీకైనా ఎవరూ అడగలేదు.

మంగతాయారు వచ్చి, ఆకులన్నీ ఒక్కొక్కటే నమిలి మింగింది. తర్వాత కొమ్ములు వంచి బొరియలోకి దూరింది.

"ఇదేమిటమ్మా!" అని అరిచింది నక్క.

"నా పల్లీలు ఇక్కడే ఉన్నాయిగా, అన్నయ్యా. అవి అయ్యేదాకా ఇక్కడే ఉంటా. నువ్వు బయట పడుకో. చలిగా ఉంటే నీ చింతపండు కప్పుకో."

నీతి: నలుగురి కష్టంతో పెరిగిన ఫలాన్ని ఒక్కరే మింగితే అది నిలవదు, నిలుస్తుందని నమ్మి ఉన్నదంతా పోసినవారికీ నష్టం తప్పదు.