వాము డబ్బా మీది చీటీ

సుభాషిణికి నలభై నాలుగేళ్లు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక, కర్నూలులో యాకూబ్ సార్ దగ్గర కంప్యూటర్ ఆటలు రాయడం నేర్చుకోవడానికి చేరింది. అక్కడ అందరికీ ఆమె ఆంటీ.

ఆమె రాసిన ఆటలో ఒక కిరాణా అంగడి. అల్మారా నిండా ఒకేలాంటి రేకు డబ్బాలు. మౌస్ బాణం ఏ డబ్బా మీదికి వెళితే దాని మీద పేరు చీటీ కనపడాలి, బాణం తప్పుకోగానే పోవాలి. వచ్చినవాళ్లు అడిగిన సరుకు వెతికి ఆ డబ్బా నొక్కాలి.

చీటీ నిలవడం లేదు. వాము డబ్బా మీద బాణం పెడితే ‘వాము’ అని వస్తుంది, పోతుంది, వస్తుంది, పోతుంది. నొక్కితే డబ్బా తెరుచుకోదు.

సాయంత్రం నాలుగింటికి ఆటల కంపెనీ వాళ్లు వస్తున్నారు. ఆట నచ్చితేనే ఉద్యోగం.

ఆ మినుకుమినుకు చూసి, సీరియల్ బల్బులు కట్టారే, పెళ్లెవరిది ఆంటీ అని వెనక బెంచీవాళ్లు అడిగారు. మీదే, ముందు మిమ్మల్ని చేసుకునేవాళ్లు దొరకనీ అంది, తల తిప్పకుండా.

మౌస్‌లు రెండు మార్చింది. రాసిందంతా మూడుసార్లు చదివింది. తప్పు కనపడలేదు.

యాకూబ్ సార్ వచ్చి చూశారు. పేర్లన్నీ డబ్బాల మీదే రాసేయమన్నారు, ఈ పూటకి గడుస్తుందన్నారు.

“రాయను సార్. పేర్లు ముందే కనపడితే ఇంక వెతికేదేముంది? బాణం వస్తే చూపించమన్నాను, పోతే దాచమన్నాను. నా లెక్క సరిగ్గానే ఉంది. ఉద్యోగం రాకపోతే మానె.”

ఆయన టీ తెప్పించి, గ్లాసు ఆమె ముందు పెట్టారు. కాగితం ముక్క చింపి దాని మీద ‘టీ’ అని రాశారు.

ఆమె చెయ్యి చాపింది. ఆయన కాగితాన్ని చేతికీ గ్లాసుకీ మధ్య పెట్టారు. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన కాగితం తీసేశారు. మళ్లీ చాపింది. మళ్లీ పెట్టారు. నాలుగోసారికి వెనక బెంచీ నవ్వింది.

సుభాషిణి నవ్వలేదు.

“పేరు చెబితే చెప్పండి సార్. నా చేతికి అడ్డం రాకండి.”

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

“ఆ మాట నీ చీటీకి చెప్పావా అమ్మా?”

ఆమె తెర వైపు తిరిగింది. బాణాన్ని మళ్లీ వాము డబ్బా మీద పెట్టింది. బాణం కింద డబ్బా లేదు. చీటీ ఉంది. అది అడ్డం రాగానే బాణం డబ్బా మీంచి తప్పుకున్నట్టే లెక్క.

కీబోర్డు దగ్గరికి లాక్కుంది.